అంచున ఆకుపచ్చ

రబ్బరు బిరడాలో గుచ్చిన సూదిలోంచి ఆఖరి చుక్క కూడా ఫ్లాస్కులోకి దిగాక ఆమె గోడ గడియారం వంక చూసింది. పదకొండూ పది. ఇక పన్నెండూ పది దాకా చేయవలసింది ఏమీ లేదు, చేయకూడదు కూడా. మూత తీస్తే గాలి దూరుతుంది, గాలి దూరితే లోపల పెరిగేది పెరగడం మానేస్తుంది, ఆ తర్వాత తలకిందులుగా తపస్సు చేసినా ఈ పూటకు కదలదు. ఇరవై ఆరేళ్లుగా ఈ గంట ఆమెకు చుట్టం. ఈ గంటలో పిల్లల పేపర్లు దిద్దింది, ఎన్నో కప్పుల టీ చల్లారబెట్టుకుంది, తల్లి పోయిందన్న కబురు కూడా ఇలాంటి ఒక గంట మధ్యలోనే వచ్చింది, విని, గంట నిండాకే లేచి, ముక్కలు ఆరబెట్టి, డబ్బాలో సర్ది, అప్పుడు బయలుదేరింది, ఆ మాట అక్క ఎన్నేళ్లయినా ఎత్తిపొడుస్తూనే ఉండేది, ఎత్తిపొడవడానికైనా మాట్లాడేది అప్పట్లో, సరే, అక్క సంగతి ఇప్పుడొద్దు. ఇవాళ సెలవు. అంతస్తు మొత్తానికి ఆమె ఒక్కతే. పొగలు లాగేసే ఫ్యాను మాత్రం ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు ఆగి ఆగి మోగుతోంది. ఫ్లాస్కు అడుగున గోరంతేసి సిలికాన్ ముక్కలు రెండు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఎడమది ఆమెది. కుడిది చిటికెది.

చిటికె అక్క కూతురు. ఏడో నెలలోనే పుట్టేసింది, చిటికెడు ఉప్పంత కూడా లేదని బావ నవ్వుతూ ఏడ్చాడు, ఆ పేరు అతుక్కుపోయింది, అయిదడుగుల ఆరంగుళాలు ఎదిగినా వదల్లేదు. బస్సు నడిపే బావ ఒకసారి అన్నాల దగ్గర "అసలు నువ్వు పొద్దస్తమానం చేసే పనేంటి మరదలా?" అని అడిగితే ఆమె ఎంగిలి చెయ్యి ఆరిపోయేదాకా చెప్పింది. సిలికాన్ పలక ఉంటుంది బావా, అద్దంలాగా, దాని మీద ముందు విత్తనాల్లాంటివి నాటుతాం, తర్వాత ఒక ద్రవంలో ముంచితే ఒక్కొక్క విత్తనం నుంచీ ఒక్కొక్క పోగు లేస్తుంది, కిక్కిరిసి ఉంటాయి కదా, పడుకోవడానికి చోటు లేక నిటారుగానే పెరుగుతాయి, దాన్నే బ్రష్ అంటాం, ఎత్తు ఎంతంటావా, వెంట్రుక మందంలో వెయ్యో వంతు. కావలసిన చోటే గీతలు గీతలుగా మొలిపించి యాసిడ్‌లో పెడితే బోడిగా ఉన్న చోటునే తినేస్తుంది, మొలిచిన చోటు క్షేమంగా ఉంటుంది, చిప్‌ల మీద కంటికి ఆనని గీతలు అలా చెక్కుతారు. బావ అంతా శ్రద్ధగా విని, నడినెత్తి నిమురుకుని, "అయితే బట్టతలకి మందు దొరికినట్టే" అన్నాడు. అందరూ నవ్వారు, చిటికె నవ్వలేదు, దానికప్పుడు పన్నెండేళ్లు, కంచంలో వేలితో గీతలు గీస్తూ "కంటికి కనబడకపోతే మొలిచిందని ఎలా తెలుస్తుంది పిన్నీ?" అంది. ఇరవై ఆరేళ్లలో ఆమెను ఎవరైనా అడిగిన అసలైన ప్రశ్న అదే. రంగుని బట్టి తెలుస్తుందే, అని చెప్పి, ఆ సాయంత్రం బస్సు డిపో ముందు తడి రోడ్డు మీద ఒలికిన డీజిలు రంగులు చూపించింది, పొర మందం మారితే రంగు మారుతుంది చూడు, సిలికాన్ మీదా అంతే, డెబ్బై నానోమీటర్లుంటే గోధుమరంగు, నూట ముప్ఫై అయితే నీలం. మోకాళ్ల మీద కూర్చుని చూసి చూసి చిటికె గౌనంతా మురికి చేసుకుంది. "దానికి నీ పిచ్చి అంటించకే" అని అక్క కేకలేసింది. అంటించింది, పిల్లలు లేని తనకు అంటించడానికి ఇంకెవరున్నారు?

పదకొండూ ఇరవై. ద్రవంలో ఉన్నంతసేపూ రంగు తేలదని తెలుసు, తడిలో రెండూ ఒకే బూడిదరంగులో ఉంటాయి, అయినా వంగి చూస్తోంది. పోగు పెరగడం ఆగినప్పుడు దాని కొసన ఒక బ్రోమిన్ పరమాణువు మిగులుతుంది, తలుపుకి గడియలాగా. ఆ గడియ ఊడకుండా ఉంటే మళ్లీ ఎప్పుడు ముంచినా పోగు ఆగిన చోటునుంచే అందుకుంటుంది, ఊడిందా, అంతే సంగతులు. ఇంతవరకూ పుస్తకాల్లో ఉన్నదే. పుస్తకాల్లో లేనిది, పెద్దయి ఆమె దగ్గరే పరిశోధనకి చేరిన చిటికె చెప్పింది. ఆరు నెలలు డబ్బాలో దాచినా కొసలు చెక్కుచెదరవని, సగం ఇక్కడ పెంచి మిగతా సగం ఎక్కడో ఫ్యాక్టరీలో పెంచుకోవచ్చని. డెబ్బై ఒక్క నానోమీటర్ల నుంచి నూట ఇరవై నాలుగుకి, పెద్ద హాల్లో తెర మీద ఆ రెండంకెలూ పెట్టి నిలబడ్డప్పుడు వెనక వరసలో ఉన్న ఆమెకు లేచి వెళ్లి భుజం పట్టుకోవాలనిపించింది, లేవలేదు. ల్యాబ్‌లో పిన్నీ గిన్నీ లేదు, గడప దాటితే నేను మేడమ్‌ని, అది చేరిన మొదటి రోజే చెప్పిన మాట. మంచి మాటే. ఇంటి పిల్లకి ఇస్తరాకు ముందు వేసిందని ఎవరూ అనకూడదు కదా. అందుకని మిగతా పిల్లల్ని ఒకసారి తిడితే దాన్ని రెండుసార్లు తిట్టింది. మిగతావాళ్లు ఆ సంగతి గమనించి దానికి రహస్యంగా చాక్లెట్లు ఇచ్చేవారట.

ఈ డబ్బా దొరకకపోయినా బాగుండేది. మూడు రోజుల క్రితం, కొత్త అలమారా వస్తోందని పాతది ఖాళీ చేస్తుంటే, నైట్రోజన్ నింపిన అరలో అట్టడుగున, చీకట్లో, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో అయిదు ముక్కలు, ప్రతిదాని వీపు మీదా వజ్రపు ములికితో గీరిన తేదీ, చిటికె చేతిరాత. రెండేళ్ల రెండు నెలల కిందటివి. మూడు రోజులూ డబ్బా ఆమె కోటు జేబులోనే ఉంది, టీ తాగుతున్నా తడుముకుంటూనే ఉంది. ఇవాళ ఎవరూ లేని రోజు చూసుకుని, చిటికె నోటుపుస్తకం బల్ల మీద తెరిచి, గ్రాము తేడా లేకుండా అందులో ఉన్నట్టే కలిపింది, పోలికకి నిన్న పెంచి రాత్రంతా కడిగిన తన ముక్క ఒకటి పక్కన పెట్టింది. పెరగకపోతే ఏమీ తేలదు. ఆరు నెలలకని చెప్పినదాన్ని రెండేళ్ల తర్వాత ముంచితే పెరుగుతుందా అని తనకు తాను సర్దిచెప్పుకోవచ్చు, ఇంటికి వెళ్లి పడుకోవచ్చు. పెరిగితే మాత్రం అంతా తేలిపోతుంది. పెరగాలి, దాని మాట నిలబడాలి అని నిజంగానే అనుకుంటోంది, గుండె మీద చెయ్యి వేసుకుని అనగలదు, కానీ ఆ చేతి కిందే ఎక్కడో ఒక మూల, పెరగకూడదు దేవుడా, అని కూడా అంటోంది. తనలో అలాంటి మూల ఒకటి ఉందని యాభై మూడేళ్లకి తెలియడం రోతగా ఉంది.

రెండేళ్ల కింద, చిటికె చెప్పింది కళ్లారా చూద్దామని ఫ్యాక్టరీ నుంచి ముగ్గురొచ్చారు, వాళ్లలో బూడిదరంగు కోటాయన మర్యాదగా నవ్వి, "అమ్మాయి మీ బంధువట కదండీ" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ ఒక్క ముక్క ఆమె చెవిలో జోరీగలా దూరింది. అలాగైతే మీ ఎదురుగానే మొదటినుంచి చివరిదాకా నా చేత్తో చేసి చూపిస్తాను, అమ్మాయి పక్కన నిలబడుతుంది, అంది. చేసింది. మొదటి రోజు పెంచింది, అందంగా పెరిగింది, గోధుమరంగు. సాయంత్రం అందరి ముందూ కడిగింది. రాత్రంతా నానాలి. పోగులు పెరగాలంటే ద్రవంలో రాగి ఉప్పు కావాలి, కానీ రాగి చిప్‌లవాళ్లకి పాము, ఇసుమంత మిగిలినా ఫ్యాక్టరీ గడప తొక్కనివ్వరు, అందుకే ఆమె పదిహేనేళ్ల కింద కష్టపడి ఒక కడుగు తయారుచేసింది, అమీన్ అనే రసాయనం కలిపిన నీళ్లు, రాగి పచ్చదనాన్ని పీల్చేసి ముక్కని కడిగిన ముత్యంలా బయటికిస్తుంది. పదకొండు ల్యాబుల్లో ఆ కడుగే వాడతారు. కడగని ముక్క ఆమె ల్యాబ్‌లో ముక్కే కాదు. మేడమ్ ముక్కల్నీ మనల్నీ ఒకేలాగ ఉతికి ఆరేస్తుందిరా అని పిల్లలు మెట్ల దగ్గర అనుకోవడం విని నవ్వుకుంది కూడా. మర్నాడు ముగ్గురి ముందూ మళ్లీ ముంచింది, గంట చూసింది, తీసి ఆరబెట్టింది, గోధుమరంగు గోధుమరంగులాగే ఉంది. డెబ్బై. డెబ్బై నుంచి డెబ్బై. బూడిదరంగు కోటాయన మళ్లీ మర్యాదగా నవ్వాడు.

తర్వాత ఒంటరిగా ఇంకో రెండుసార్లు చేసింది, డెబ్బై, డెబ్బై. "నా డబ్బాలోవి ముంచి చూడండి మేడమ్" అంది చిటికె, తలుపు దగ్గర నిలబడి. "నీ డబ్బాలో ఏముందో నాకెలా తెలుస్తుంది?" ఆ మాట అన్నది తనే. వేరే ఎవరో అన్నట్టు గుర్తుచేసుకోవాలని చాలాసార్లు ప్రయత్నించింది, కుదరలేదు, గొంతు తనదే. చిటికె మొహంలో అప్పుడేం జరిగిందో చూడలేదు, చూడకుండా సింకు వైపు తిరిగింది, చేతులు తోముకుంది. తర్వాత విచారణ, పొడుగు బల్ల, నీళ్ల గ్లాసులు, అటువైపు పెద్దలు నలుగురు. "ఈ పుస్తకంలో రాసినవన్నీ నిజమేనా అమ్మా?" అని విభాగాధిపతి అడిగితే చిటికె తల దించుకుంది. అవునంటే పోయేదానికి అననే లేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు, ఆమె దాన్ని పూర్తి అంగీకారంగానే తీసుకుంది, ఆ రాత్రే మూడు వాక్యాలు రాసిచ్చింది, ఈ ఫలితాలను నేను స్వయంగా మూడుసార్లు చేసి చూశాను, ఒక్కసారీ రాలేదు, ఈ పుస్తకంలోని అంకెలు నిజమైనవని నేను నమ్మడం లేదు. అక్క వచ్చింది, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "తిట్టు, కొట్టు, నీ ఇష్టమే, నేను అడ్డొచ్చానా ఎప్పుడైనా? అబద్ధాలకోరని కాగితం మీద రాస్తావుటే? దాని చిన్నప్పుడు దాని పాలపళ్లు ఊడితే నీ దగ్గరికే కదే పరిగెత్తేది" అంది. అక్కకి ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే ఆమె తట్టుకోగలిగేదేమో. మెట్లు దిగిపోతుంటే చెప్పుల చప్పుడు మూడు అంతస్తులూ వినిపించింది, అదే ఆఖరు.

పదకొండూ ముప్ఫై అయిదు. ఆ పిల్ల పని ఎప్పుడూ ఇంతే, కొంచెం మురికిగా వదిలేస్తుంది, పొద్దున డబ్బాలోంచి ట్వీజర్స్‌తో తీసినప్పుడు కూడా అదే అనుకుంది, ముక్క అంచున సన్నగా, దారప్పోగంత ఆకుపచ్చ, కిటికీ వెలుగులో ఒక పక్కకి వంచితేనే కనిపించేంత. అలవాటు కొద్దీ చెయ్యి కడుగు తొట్టి వైపు వెళ్లింది. పుస్తకం చూసింది, నిబంధన ప్రకారం కడిగాను అని ఉంది, మళ్లీ కడగడం దేనికిలే అని అలాగే ఫ్లాస్కులోకి దింపింది. అంచున ఆకుపచ్చ. ఆరబెట్టేటప్పుడు ద్రవం అంచుకే జారుతుంది, మిగిలేదేదైనా అక్కడే మిగులుతుంది. ఏం మిగిలింది? రాగి. రాగి ఎందుకు మిగులుతుంది? ఆమె కుర్చీలోంచి లేచింది, ఎందుకు లేచిందో తెలియక మళ్లీ కూర్చుంది. కడిగిన ముక్కకి ఆకుపచ్చ ఉండదు. ఉండడానికి వీల్లేదు, అది పోవడానికే కదా ఆ నీళ్లు. డబ్బాలో మిగిలిన నాలుగూ తీసి కిటికీ దగ్గర పట్టుకుంది, ఒక్కొక్కటీ వంచి చూసింది, నాలుగింటికీ ఉంది, సన్నటి ఆకుపచ్చ. పుస్తకంలో పేజీలు తిప్పింది, నిబంధన ప్రకారం కడిగాను, నిబంధన ప్రకారం కడిగాను, ప్రతి పేజీలోనూ అదే వాక్యం, మిగతా అక్షరాలన్నీ గుండ్రంగా నింపాదిగా ఉంటే ఈ వాక్యం మాత్రం వాలిపోయి ఉంది, ఎవరో తరుముతున్నట్టు.

కడగలేదు. ఒక్కటీ కడగలేదు, భయపడి కడిగానని రాసింది. ఇదన్నమాట ఆ పిల్ల ఆడిన అబద్ధం. అంకెల్లో లేదు, అంకెల పక్కన ఉంది. అయితే కడగకపోతే ఏమైంది, కడిగితే ఏమవుతుంది, ఇక్కడిదాకా వచ్చాక మనసు మొరాయించింది, ముందుకు పోనంటుంది, ఎందుకంటే ముందేముందో దానికి తెలుసు. అమీన్‌కి బ్రోమిన్ కనబడితే వదులుతుందా? మొదటి ఏడాది పిల్లలకి ఏటేటా ఆమే చెబుతుంది, బోర్డు మీద బాణం గీసి మరీ, అమీన్ వచ్చి బ్రోమిన్‌ని తన్నేసి ఆ చోట తను కూర్చుంటుంది, రాసుకోండి, పరీక్షలో వస్తుంది. పదిహేనేళ్లుగా తన కడుగులో నానబెట్టిన ప్రతి ముక్క మీదా, లక్షల కోట్ల పోగుల కొసలన్నిటికీ గడియలు తనే ఊడబెరికింది, ఊడబెరికి, కొసలు ఒక్క రోజు కూడా నిలవవని వ్యాసం రాసింది, పేరు తెచ్చుకుంది, నిలుస్తాయన్న పిల్లని వెళ్లగొట్టింది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నాలుగో కాలు విరిచింది కూడా తనే.

అప్పుడు ఆ సాయంత్రం మళ్లీ వచ్చింది, పిలవకుండానే. ముగ్గురు అతిథులు, కడుగు తొట్టి, తన చేతిలో ట్వీజర్స్, ముక్క నీళ్లకి జానెడు పైన. చిటికె ఒక అడుగు ముందుకేసింది. "పిన్నీ, అది..." ఇన్నాళ్లూ ఆ సాయంత్రం తలుచుకున్నప్పుడల్లా ఆ 'పిన్నీ' దగ్గరే ఆమె చెవులు కాలిపోయేవి, బూడిదరంగు కోటాయన కనుబొమలు పైకి లేవడం, పక్కాయన కిటికీలోకి చూడడం, అంతమంది పరాయివాళ్ల ముందు తన పరువు ఆ రెండక్షరాలతో గంగలో కలిసిపోవడం. "ఇక్కడ పిన్ని ఎవరు?" అని ఆమె కసిరింది, కసిరి ముక్కని నీళ్లలోకి వదిలింది. ఆ తర్వాతి మాట ఏమిటో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు చూస్తే చిటికె చెయ్యి కనిపిస్తోంది, ముందుకు చాచిన చెయ్యి, అది తన వైపు కాదు, తొట్టి వైపు. తొట్టికి అడ్డం పెట్టబోయింది. ల్యాబ్ మర్యాద మర్చిపోయేంత కంగారు, ఎదురుగా కూలిపోతున్నదాన్ని చూసి, మేడమ్ అనడానికి కూడా తీరిక లేక నోటికి మొదట వచ్చిన పిలుపు పిలిచింది. విచారణలో తల ఎందుకు దించుకుందో కూడా ఇప్పుడు తెలిసింది. అన్నీ నిజమేనా అన్నారు. అన్నీ కావు, ఒక్క వాక్యం కాదు. ఆ ఒక్కదాని కోసం అవునని అనలేకపోయింది, నోరు రాలేదు దానికి, తనలాంటివాళ్లయితే అవునండీ అని చెప్పి నీళ్లు తాగి బయటికొచ్చేవాళ్లు. అబద్ధం చెప్పలేకే అది అబద్ధాలకోరు అయింది. ఆమె కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడుచుకుంది, తుడిచినకొద్దీ మసకగానే ఉంది, తర్వాత అర్థమైంది మసక అద్దాలది కాదని. ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చింది, వెక్కిళ్లు పెట్టి, చిన్నపిల్లలాగా, మధ్యలో ఒకసారి గడియారం కూడా చూసుకుంది.

ఇంకా పదిహేను నిమిషాలు. తెలిసిపోయాక కూడా ఆగవలసిందే. రెండేళ్ల కింద తొందరపడ్డ మనిషిని ఈ పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి కొట్టినట్టు కొట్టాయి. అక్క, బావ, చిటికె గౌను మీద డీజిలు మరక, చాక్లెట్లిచ్చిన పిల్లలు, వాళ్లకి తెలుసా, దాని పక్కనే పనిచేశారు కదా, కడగడం లేదని చూసే ఉంటారు, తనతో ఒక్కరూ చెప్పలేదు, ఎందుకు చెబుతారు, చెప్పే వీలు తను ఎవరికిచ్చింది గనక. పన్నెండూ పదికి రబ్బరు బిరడా తీసింది. గాలి దూరి ద్రవం నెమ్మదిగా ఆకుపచ్చకి తిరిగింది. తన ముక్క ముందు తీసింది, శుభ్రమైన సాల్వెంట్‌తో తడిపి నైట్రోజన్ ఊదితే తడి అంచుకి పరిగెత్తి పోయింది. గోధుమరంగు. రెండోది తీసింది. తడి తొలగుతున్న వైపునుంచి రంగు బయటపడింది, ఒక మూల నుంచి ఇంకో మూలకి, ఒక్క మచ్చ లేకుండా, నీలం. యంత్రం కింద పెట్టి కొలిచింది, అక్కర్లేకపోయినా కొలిచింది. డెబ్బై ఒకటి ఇప్పుడు నూట ముప్ఫై రెండు. పనివాడితనం అంటే ఇది, ఎంత సమంగా వేసింది ముండ, అనుకుంది, ఆ ముద్దు తిట్టు నోటికొచ్చి ఎన్నాళ్లయిందో.

ఫోన్‌లో 'కళ్లజోళ్లు' అని ఒక నంబరు ఏడాదిగా ఉంది. ఒకసారి బస్సులోంచి కనబడింది చిటికె, అద్దాల తలుపు వెనక, ఒక ముసలాయన చెవి మీద కళ్లజోడు సరిచేస్తూ. బోర్డు మీది నంబరు గబగబా రాసుకుంది, ఎప్పుడూ కొట్టలేదు. ఇవాళ సెలవు కదా, షాపు తెరవరేమో అని ఆశపడుతూనే కొట్టింది. తెరిచారు.

"కళ్లజోళ్ల షాపండీ, చెప్పండి."

"చిటికే, నేనే."

అవతల అద్దాలు సానబెట్టే యంత్రం తిరుగుతోంది. అది ఆగేదాకా ఏమీ వినిపించలేదు.

"చెప్పండి పిన్నీ." ల్యాబ్ బయట అది ఆమెను ఎప్పుడూ 'నువ్వు' అనే అనేది.

"నీ డబ్బా దొరికిందే. ముంచి చూశాను. నూట ముప్ఫై రెండు వచ్చింది. నువ్వు కడగలేదు కదూ?"

"లేదు."

"నాదే తప్పు. కడుగుదే తప్పు, అంటే నాదే. నేను రాస్తాను వాళ్లకి, ఆ ఉత్తరం తప్పని రాస్తాను, అందరికీ పంపిస్తాను, నువ్వు మళ్లీ..."

"వద్దు పిన్నీ." గొంతులో కోపం లేదు, పనిలో ఉన్నవాళ్ల గొంతు. "నేను ఇంత చదివానని ఇక్కడ ఎవరికీ తెలీదు. తెలిస్తే ఎందుకు మానేశావని అడుగుతారు. ఏం చెప్పను?"

"నిజం చెప్పు తల్లీ. ఇప్పుడు రుజువుంది కదా."

"నిజం చెప్తే నమ్ముతారా లేదా అని భయం వేస్తుంది పిన్నీ. చిన్న చిన్నవాటికి కూడా. మొన్న షాపు తాళం నేనే వేశానని చెప్పడానికి కూడా అమ్మని రప్పించి తాళం చూపించాను. అది పోవట్లేదు. మీరు ఉత్తరం రాస్తే పోతుందనుకోను. ఎవరో వచ్చారు, ఉంటానండీ."

ఫోన్ పెట్టేశాక కూడా ఆమె చాలాసేపు చెవి దగ్గరే పట్టుకుని ఉంది. మొదటి ఉత్తరం దాన్ని అడక్కుండా రాసింది, ఇది వద్దన్నాక రాయడమా. పోనీ తన వ్యాసం తప్పని తన పేరుతో తనే రాసుకుందామంటే, కనిపెట్టింది దాని పేరు లేకుండా లోకానికి చెబితే అది దొంగతనం, పేరు పెడితే మళ్లీ దాని నోరు నొక్కడం. నిజం చేతిలో ఉంది, గోరంత నీలం ముక్క, దాన్ని ఎవరికీ ఇవ్వడానికి లేదు. చేతులు కాలాయి, ఆకులు దొరికాయి, ఆకులు పెట్టాల్సిన చేతులు తనవి కావు.

నోటుపుస్తకంలో ప్రతి పేజీ అడుగునా సాక్షి సంతకానికి ఒక గీత ఉంటుంది. చిటికె పేజీలన్నిటి కిందా అది ఖాళీగానే ఉంది, తీరికప్పుడు పెడతానులే అని మొదట్లో, పెట్టనని తర్వాత. ఆమె కుర్చీ బల్లకి దగ్గరగా లాక్కుని మొదటి పేజీ తీసింది. ఒకరి పుస్తకంలో ఇంకొకరు దిద్దకూడదు, అది కూడా ఆమె పెట్టిన నిబంధనే. 'నిబంధన ప్రకారం కడిగాను' అన్న వాక్యం మీద, కింది అక్షరాలు కనబడేలా, ఒకే ఒక గీత గీసింది. పక్కన రాసింది: కడగలేదు. కడగొద్దని చెప్పబోయింది. నేను చెప్పనివ్వలేదు, వినలేదు. కింద సంతకం పెట్టి ఇవాళ్టి తేదీ వేసింది. అలాంటి పేజీలు నలభై ఒకటి ఉన్నాయి. పై పేజీలో ఉన్నదే అని ఎక్కడా గుర్తు పెట్టలేదు, నలభై ఒక్క పేజీల్లోనూ మొత్తం రాసింది.